జన్యువు మీద చెయ్యి పెట్టి కూర్చునే ప్రోటీన్లు

ముందుగా మీకు ఒక ప్రశ్న. మన కంటిలో ఉన్న కణంలోనూ, కాలి గోరు మొదట్లో ఉన్న కణంలోనూ ఉన్న డి.ఎన్.ఎ. ఒకటే. మరి కంట్లో గోరు ఎందుకు మొలవదు? గోటికి చూపు ఎందుకు రాదు?

ఈ ప్రశ్న మా క్లాసులో అడిగితే కొందరు "దేవుడు అలా పెట్టాడు" అన్నారు. ఒకమ్మాయి మాత్రం "కంటికి కావలసిన జన్యువులు కంటికి, గోటికి కావలసినవి గోటికి పంచి ఇచ్చి ఉంటాది" అంది. ఈ జవాబు వినడానికి బాగుంది గాని నిజం కాదు. ఏమీ పంచలేదు. కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ మొత్తం జన్యువులన్నీ ఉంటాయి. ప్రోటీన్లు తయారు చేయించే జన్యువులే మనిషికి సుమారు 20 వేలు. కంటి కణంలో గోటి జన్యువు ఉంది, కానీ దాన్ని ఎవరూ చదవరు. అది మూసిన పేజీ. ఆ పేజీని మూసేవాళ్ళు ఎవరు, తెరిచేవాళ్ళు ఎవరు అన్నదే ఈ వ్యాసం. చివరికి ఇది మన ఏజెన్సీలో చాలా ఇళ్ళలో ఉన్న ఒక జబ్బు దగ్గరికి వస్తుంది. కాబట్టి కొంచెం పొడుగైనా ఓపికతో చదవండి.

ముందు ఒక పోలిక చెప్తాను. వెనకటి రోజుల్లో భూమి అడంగల్ నకలు కావాలంటే మండలాఫీసుకి పోయేవారు. ఇప్పుడు మీసేవలో కంప్యూటర్ కాగితం వస్తుంది గాని, మా తాత చెప్పే పద్ధతి ఇది. అసలు రిజిస్టరు బీరువాలో ఉంటుంది. దాన్ని ఎవరికీ బయటికి ఇవ్వరు. గుమాస్తా రిజిస్టరు తీసి, మన సర్వే నంబరు ఉన్న పేజీ చూసి, ఆ ఒక్క పేజీకి నకలు రాసి చేతికి ఇస్తాడు. పని అంతా నకలుతోనే జరుగుతుంది.

కణంలో కూడా ఇదే పద్ధతి. డి.ఎన్.ఎ. అసలు రిజిస్టరు. అది కేంద్రకం దాటి రాదు. అందులో నాలుగే అక్షరాలు ఉన్నాయి: ఎ, టి, జి, సి. ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే ఎంజైము గుమాస్తా. అది జన్యువు వెంబడి నడుస్తూ ఒక్కొక్క అక్షరానికి నకలు రాస్తుంది. ఆ నకలు పేరు ఆర్.ఎన్.ఎ. ఆ నకలు కేంద్రకం బయటికి వచ్చాక రైబోజోములు దాన్ని చదివి ప్రోటీను తయారు చేస్తాయి. నకలు రాయడాన్ని పుస్తకంలో "అనులేఖనం" అని రాస్తారు. నేను నకలు అనే రాస్తాను, మనకి సులువు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గుమాస్తాకి తనంతట తాను ఏ పేజీ కావాలో తెలియదు. ప్రతి జన్యువుకీ ముందు "ఇక్కడినుంచి మొదలుపెట్టు" అని చెప్పే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని ప్రమోటర్ అంటారు. ప్రమోటర్ మీద గుమాస్తా కూర్చోగలిగితే నకలు వస్తుంది, కూర్చోలేకపోతే రాదు. కూర్చోనివ్వాలా వద్దా అని తేల్చేది వేరే ప్రోటీన్లు. అవి డి.ఎన్.ఎ.కి నేరుగా అతుక్కుంటాయి. కొన్ని పేజీ మీద చెయ్యి పెట్టి "రాయనివ్వను" అంటాయి. వాటిని రెప్రెసర్లు అంటారు. కొన్ని గుమాస్తాని పిలిచి వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడ రాయి" అని చూపిస్తాయి. వాటిని యాక్టివేటర్లు అంటారు.

దీన్ని మొదట కనిపెట్టింది మనిషిలో కాదు, మన పేగుల్లో ఉండే ఈ. కోలి అనే బాక్టీరియాలో. పారిస్ నగరంలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, కుక్కకాటు మందు కనిపెట్టిన పాశ్చర్ గారి పేరున్నది. అక్కడ జాక్ మోనో, ఫ్రాన్సువా జాకబ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పని చేశారు. అంతకుముందే, 1940ల మొదట్లో, మోనో ఒక వింత చూశాడు. బాక్టీరియాకి రెండు రకాల చక్కెర కలిపి పెట్టాడు: గ్లూకోజు, పాలలో ఉండే లాక్టోజు. బాక్టీరియా రెండూ కలిపి తినలేదు. ముందు గ్లూకోజు అంతా తిని పెరిగింది. అది అయిపోయాక కొంతసేపు పెరగడం ఆగింది. తర్వాత లాక్టోజు తినడం మొదలుపెట్టింది. అన్నం, గంజి రెండూ పెడితే అన్నం అయ్యేదాకా గంజి ముట్టని పిల్లలాగ అన్నమాట.

మధ్యలో ఎందుకు ఆగింది? లాక్టోజుని ముక్కలు చేయడానికి ఒక ఎంజైము కావాలి. ఆ ఎంజైము జన్యువు బాక్టీరియాలో ముందునుంచీ ఉంది, కానీ మూసి ఉంది. మూసింది ఒక రెప్రెసర్ ప్రోటీను. అది ఆ జన్యువు మొదట్లో సుమారు 21 అక్షరాల చోటు మీద అతుక్కుని కూర్చుంటుంది. గుమాస్తాకి దారి ఉండదు. లాక్టోజు కణంలోకి వచ్చినప్పుడు, అందులోంచి కొంచెం మారిన చక్కెర ఒకటి ఆ రెప్రెసర్‌కి అంటుకుంటుంది. అంటుకోగానే రెప్రెసర్ ఆకారం మారిపోతుంది. దాని పట్టు సడలి డి.ఎన్.ఎ. మీదనుంచి ఊడిపోతుంది. అప్పుడు గుమాస్తా నడుస్తుంది, ఎంజైము సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. లాక్టోజు అయిపోతే రెప్రెసర్ మళ్ళీ వచ్చి తన చోట్లో కూర్చుంటుంది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఏమిటంటే, ఎవరూ ఆజ్ఞ ఇవ్వడం లేదు. తినే వస్తువే వచ్చి తాళం తీస్తోంది. పాలు లేనప్పుడు పాల ఎంజైము చేసుకోవడం దండగ కదా.

గ్లూకోజు ఉన్నంతసేపూ లాక్టోజు జోలికి పోకపోవడానికి ఇంకో ప్రోటీను కారణం. అది యాక్టివేటర్, గుమాస్తాని పిలిచేది. గ్లూకోజు తగ్గినప్పుడు మాత్రమే అది డి.ఎన్.ఎ.కి అతుక్కోగలదు. అందుచేత రెండు షరతులు కలవాలి. లాక్టోజు ఉండాలి, గ్లూకోజు లేకుండా ఉండాలి. అప్పుడే జన్యువు పూర్తిగా పని చేస్తుంది.

జాకబ్, మోనో ఇదంతా 1961లో రాశారు. అప్పటికి రెప్రెసర్‌ని ఎవరూ చేత్తో పట్టుకోలేదు. ఉండి తీరాలి అని లెక్క కట్టి చెప్పారు, అంతే. 1965లో వాళ్ళిద్దరికీ, ఆంద్రే ల్వోఫ్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత 1966లో అమెరికాలో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ ఆ రెప్రెసర్‌ని విడదీసి చూపించారు. అది నిజంగా ప్రోటీనే. ఒక బాక్టీరియాలో అవి పది దాకా మాత్రమే ఉంటాయి. ఆ బాక్టీరియా డి.ఎన్.ఎ.లో అక్షరాల జతలు సుమారు 46 లక్షలు. పదిమంది వెతుక్కుంటూ పోయి 46 లక్షల అక్షరాల్లో తమ చోటు పట్టుకుంటున్నారు! మన సంతలో పోగొట్టుకున్న చెవిపోగు వెతికినవాళ్ళకి ఇది ఎంత కష్టమో తెలుస్తుంది.

ఎలా పట్టుకుంటున్నాయి? నేను మొదట డి.ఎన్.ఎ. జిప్పులాగ విప్పి చూస్తాయి అనుకున్నవాళ్ళకోసం ఈ మాట రాస్తున్నాను: విప్పనక్కరలేదు. డి.ఎన్.ఎ. మెలితిరిగిన నిచ్చెన అని బొమ్మలో చూశాం. రెండు తాళ్ళు పేనినట్టు ఉంటుంది కాబట్టి, తాడు మీద ఉన్నట్టే దాని మీద కూడా పైనుంచి కిందికి చాళ్ళు ఉంటాయి. ఒక చాలు వెడల్పు, ఒక చాలు ఇరుకు. వెడల్పు చాలులోంచి చూస్తే లోపలి మెట్ల అంచులు కనిపిస్తాయి. ఎ-టి మెట్టు అంచు ఒక రకం, జి-సి మెట్టు అంచు ఇంకో రకం. ప్రోటీనులో ఒక భాగం ఆ చాలులోకి సరిగ్గా దిగి, ఆ అంచులను తడుముతుంది. చీకట్లో బియ్యం ఏవో, కందులు ఏవో వేళ్ళతోనే చెప్పేస్తాం చూడండి, అలాగ. తనకి సరిపడే అక్షరాల వరస తగిలితే గట్టిగా పట్టుకుంటుంది, లేకపోతే జారి ముందుకి పోతుంది.

ఇలా తడిమే ప్రోటీన్లలో ఒక రకానికి "జింక్ ఫింగర్" అని పేరు, అంటే జింకు వేళ్ళు. జింకు అంటే తుత్తునాగం. ఒక్కొక్క వేలు మడత విడిపోకుండా ఒక జింకు పరమాణువు పట్టి ఉంచుతుంది. వేలు డి.ఎన్.ఎ. చాలులో దిగుతుంది. ఈ వేళ్ళను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

మనిషి కణంలో కథ ఇదే గాని చాలా పెద్దది. ఒక్క కణంలో డి.ఎన్.ఎ. సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అది ప్రోటీను ఉండల మీద దారం చుట్టినట్టు చుట్టి ఉంటుంది. చుట్టిన చోట గుమాస్తాకి అందదు, ముందు వదులు చేయాలి. డి.ఎన్.ఎ. వరసలు గుర్తుపట్టి జన్యువులను నడిపే ప్రోటీన్లు మనిషిలో 1600 పైన ఉన్నాయని 2018లో శాస్త్రవేత్తలు లెక్క వేశారు. కంటి కణంలో ఒక గుంపు ఉంటుంది, గోటి దగ్గర ఇంకో గుంపు. గుంపును బట్టి తెరిచే పేజీలు మారతాయి. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. ఇంకో తేడా, మనిషిలో యాక్టివేటర్లు జన్యువు పక్కనే కూర్చోనక్కరలేదు. వేల అక్షరాల దూరంలో కూర్చుని, డి.ఎన్.ఎ.ని విల్లులాగ వంచి జన్యువు దగ్గరికి రాగలవు. అలాంటి దూరపు చోట్లను ఎన్‌హాన్సర్లు అంటారు.

ఇప్పుడు జబ్బు సంగతికి వస్తాను. సికిల్ సెల్ ఎనీమియా, పుస్తకంలో కొడవలి కణ వ్యాధి. పసుపు కళ్ళు, రక్తం తక్కువ, చేతులు కాళ్ళు కీళ్ళు భరించలేనంత నొప్పి. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో చూశారు. తర్వాత మధ్య భారతం, ఒడిశా, మహారాష్ట్ర, మన ఏజెన్సీ కొండల్లో కూడా ఉందని తెలిసింది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దీనికోసం ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు 7 కోట్లమందికి రక్తపరీక్ష చేయాలని లక్ష్యం. మన వేలు పొడిచి చుక్క రక్తం తీసి కార్డులు ఇచ్చేది అందుకే.

రక్తం ఎర్రగా ఉండేది హీమోగ్లోబిన్ వల్ల. అది ప్రాణవాయువు మోసే ప్రోటీను. పెద్దవాళ్ళ హీమోగ్లోబిన్‌లో నాలుగు ముక్కలు: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఈ జబ్బులో బీటా జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది, ఎ ఉండవలసిన చోట టి ఉంటుంది. అంతే. దానివల్ల బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. ప్రాణవాయువు వదిలేశాక ఆ హీమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకుని పుల్లల్లాగ పొడుగ్గా పేరుకుంటాయి. గుండ్రంగా మెత్తగా ఉండవలసిన ఎర్ర కణం కొడవలిలాగ వంగి గట్టిపడుతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అదే నొప్పి. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లో చితికిపోతుంది. అందుకే రక్తం ఎప్పుడూ చాలదు. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు జన్యువులూ అలాంటివి వస్తేనే జబ్బు. ఒకటే వస్తే జబ్బు కాదు, వాళ్ళని వాహకులు అంటారు. వాహకులకి మలేరియా అంత తీవ్రంగా రాదు. మలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది అందుకే.

అసలు చిక్కు ప్రశ్న ఇక్కడ ఉంది. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ పుట్టగానే బాగుంటుంది. పాలు తాగుతుంది, నవ్వుతుంది. సుమారు ఆరు నెలలు దాటాక చేతులు కాళ్ళు వాచి ఏడుపు మొదలుపెడుతుంది. మన ఊళ్ళల్లో ఏమంటారో మీకందరికీ తెలుసు. "మొన్నటిదాకా బొద్దుగా ఉందే, ఎవరి కన్ను పడిందో" అని ఒకరు. "కోడలు పథ్యం తప్పింది, పాలు చెడ్డాయి" అని ఒకరు. ఆ తల్లి తల వంచుకుని వింటుంది. మేకను, కోడిని ఇవ్వడం కూడా అయిపోతుంది. జబ్బు పుట్టుకతోనే ఉంటే ఆరు నెలలు ఎక్కడ దాక్కుంది అని అడిగితే ఎవరూ చెప్పలేరు కాబట్టి, నింద తల్లి మీదే నిలబడిపోతుంది.

ఈ ప్రశ్నకి జవాబు వెతకడం 1948లోనే మొదలైంది. అమెరికాలో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ, ఈ జబ్బు ఉన్న పసికందుల రక్తంలో కణాలు పెద్దవాళ్ళలో అంతగా వంగడం లేదని గమనించింది. పసికందుల రక్తంలో వేరే హీమోగ్లోబిన్ ఉంది, అదే కాపాడుతోంది అని ఆమె చెప్పింది. నిజమే. కడుపులో ఉన్నప్పుడు మనకి బీటా బదులు గామా అనే ముక్క ఉంటుంది. రెండు ఆల్ఫా, రెండు గామా కలిసినది పిండ హీమోగ్లోబిన్. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు కదా, తల్లి రక్తంలోంచే ప్రాణవాయువు లాక్కోవాలి. పిండ హీమోగ్లోబిన్‌కి ఆ లాక్కునే శక్తి ఎక్కువ. పుట్టే సమయానికి గామా తగ్గడం, బీటా పెరగడం మొదలవుతుంది. కొన్ని నెలల్లో గామా దాదాపు పోతుంది. పెద్దవాళ్ళలో సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండదు. గామా ఉన్నంతకాలం అది పుల్లలు పేరుకోకుండా అడ్డుపడుతుంది. గామా పోయి చెడ్డ బీటా వచ్చేసరికి జబ్బు బయటపడుతుంది. ఆరు నెలల లెక్క ఇదే. తల్లి తిన్నదానితో, పాలతో, కన్నుతో దీనికి ఏ సంబంధమూ లేదు.

అయితే గామా జన్యువు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పదకొండో క్రోమోజోము మీద గామా, బీటా జన్యువులు పక్కపక్కనే వరసలో ఉన్నాయి. ముందు వాడేది ముందు, తర్వాత వాడేది తర్వాత. ఇప్పుడు ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న మీ ఎముక మజ్జలో కూడా గామా జన్యువు చెక్కుచెదరకుండా ఉంది. ఆ పేజీ మీద ఎవరో చెయ్యి పెట్టి కూర్చున్నారు.

ఎవరో 2008లో తెలిసింది. అమెరికాలో బోస్టన్ నగరంలో స్టూవర్ట్ ఆర్కిన్ దగ్గర పని చేసిన విజయ్ శంకరన్ మొదలైనవాళ్ళు బి.సి.ఎల్.11ఎ అనే ప్రోటీను గామాని మూసి ఉంచుతోందని చూపించారు. మజ్జ కణాల్లో ఆ ప్రోటీనును తగ్గిస్తే గామా మళ్ళీ వచ్చింది. పేరులో 11 చూసి పదకొండో క్రోమోజోము అనుకోకండి, దాని జన్యువు రెండో క్రోమోజోము మీద ఉంది. రక్త క్యాన్సర్ మీద పరిశోధనలో ముందు దొరికింది కాబట్టి ఆ పేరు. 2011లో సికిల్ సెల్ జబ్బు ఉన్న ఎలుకల్లో, ఎర్ర కణాల వరకు ఆ ప్రోటీను లేకుండా చేస్తే జబ్బు లక్షణాలు పోయాయి.

ఇదే ఆ జింకు వేళ్ళ ప్రోటీను. అది గామా జన్యువు మొదలుకి సుమారు 115 అక్షరాల ముందు ఉన్న ఒక చిన్న వరసను పట్టుకుంటుంది: టి, జి, ఎ, సి, సి, ఎ. ఆరే అక్షరాలు. ఇది 2018లో తేలింది. అక్కడ అది కూర్చుంటే, దూరంనుంచి వంగి వచ్చే యాక్టివేటర్ల గుంపు గామా దగ్గర నిలవలేక బీటా దగ్గరికి పోతుంది.

ఇది నిజమేనని చెప్పడానికి ప్రకృతి ఇచ్చిన సాక్ష్యం ఒకటి ఉంది. గ్రీకు దేశంలో కొన్ని కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా పిండ హీమోగ్లోబిన్ తగ్గదు. వాళ్ళకి ఏ బాధా లేదు. వాళ్ళ డి.ఎన్.ఎ. చూస్తే ఆ ఆరు అక్షరాల్లో రెండోది, జి బదులు ఎ అయి ఉంది. వేళ్ళకి పట్టు దొరకలేదు, పేజీ తెరిచే ఉండిపోయింది. మన దేశంలో సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో కూడా, ఆఫ్రికా వైపు వాళ్ళతో పోలిస్తే, పిండ హీమోగ్లోబిన్ సగటున ఎక్కువగా ఉంటుంది. అందుకని మనవాళ్ళలో కొందరికి జబ్బు కొంచెం నెమ్మదిగా ఉంటుంది. కానీ అందరికీ కాదు. "మనవాళ్ళకి తేలిక" అని పరీక్ష మానకూడదు, తీవ్రంగా బాధపడేవాళ్ళు మన మధ్యే ఉన్నారు.

మరయితే బి.సి.ఎల్.11ఎ జన్యువునే తీసి పారేస్తే సరిపోదా? సరిపోదు. ఆ ప్రోటీను మెదడు ఎదగడానికి కావాలి, తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి కావాలి. అన్నిచోట్లా తీసేస్తే కొత్త ఇబ్బంది. ఇక్కడ శాస్త్రవేత్తలు చేసిన ఆలోచన నాకు ఈ మొత్తం విషయంలో గొప్పగా అనిపించింది. తాళం వేసే ప్రోటీనుకి కూడా ఒక జన్యువు ఉంది కదా. ఆ జన్యువును తెరవడానికి ఇంకో ప్రోటీను కావాలి కదా. ఎర్ర కణాలు తయారయ్యే వరసలో ఆ పని చేసేవాటిలో ఒకటి గాటా-1 అనే యాక్టివేటర్. బి.సి.ఎల్.11ఎ జన్యువు లోపలే ఉన్న ఒక ఎన్‌హాన్సర్ మీద అది కూర్చుంటుంది. ఈ ఎన్‌హాన్సర్ ఎర్ర కణాల వరసకే ముఖ్యం, మెదడుకి కాదు అని 2013లో కనిపెట్టారు. కాబట్టి జన్యువు జోలికి పోకుండా, గాటా-1 కూర్చునే ఆ చిన్న పీటను విరగ్గొడితే చాలు. ఎర్ర కణాల వరసలో మాత్రమే బి.సి.ఎల్.11ఎ తగ్గుతుంది. గామా మీద చెయ్యి లేస్తుంది. మిగతా ఒళ్ళంతా మామూలే.

2023 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం, డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్న కాస్‌జెవీ అనే చికిత్స ఇదే. రోగి మజ్జ మూల కణాలను రక్తంలోంచి తీస్తారు. క్రిస్పర్ అనే పద్ధతిలో, కోరిన అక్షరాల దగ్గర కోసే ఎంజైముతో ఆ పీటను కోస్తారు. తర్వాత గట్టి మందులతో రోగి పాత మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. ఆ గట్టి మందులవల్ల తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదం కూడా ఉంది. 2023లో 12 ఏళ్ళు నిండినవాళ్ళకే అనుమతి ఇచ్చారు. అమెరికాలో అనుమతికి ముందు చూసిన లెక్కలో, 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలలు వరసగా తీవ్రమైన నొప్పి రాలేదు. 2023లో ఖరీదు అక్కడ 22 లక్షల డాలర్లు. మన రూపాయల్లో పద్దెనిమిది కోట్ల పైమాట. ఇది చదివి నేను పెన్ను కింద పెట్టేశాను. ఈ జబ్బు ఎక్కువ ఉన్నది ఎవరికి, ఆ డబ్బు ఉన్నది ఎవరికి? 2025 నవంబరులో ఢిల్లీలో మన శాస్త్రవేత్తలు తయారు చేసిన సికిల్ సెల్ జన్యు చికిత్సను ప్రకటించారు. దానికి బిర్సా ముండా పేరు మీద "బిర్సా 101" అని పెట్టారు. పేరు మనది. మందు కూడా మన కొండ ఎక్కి రావాలి.

అప్పటిదాకా చేతికి అందేది హైడ్రాక్సీయూరియా అనే గుళిక. ఇది కొత్తది కాదు. దీనివల్ల నొప్పులు వచ్చే సార్లు దాదాపు సగానికి తగ్గాయని 1995లోనే అమెరికాలో తేలింది. ఇది కూడా పిండ హీమోగ్లోబిన్‌ని పెంచే మందే, అంటే గామా పేజీని కొంచెం తెరిపించేదే. రోజూ వేసుకోవాలి, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేని రోజుల్లో మానేయకూడదు. నొప్పి లేకపోవడం ఆ గుళిక వల్లే కావచ్చు. నీళ్ళు బాగా తాగాలి, చలిలో తడవకూడదు, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. కార్డు ఉన్న అమ్మాయి ఆటల పీరియడులో కూర్చుంటానంటే "నాటకం" అనకండి.

ఒక సందేహం మిగిలింది, దాన్ని కూడా చెప్తాను. మొన్న ఎనిమిదో తరగతి చెల్లి అడిగింది, "అక్కా, ఆ చికిత్స చేస్తే చెడ్డ జన్యువు పోయినట్టేనా?" అని. పోదు. కాస్‌జెవీలో బీటా జన్యువును ముట్టుకోరు. ఎ బదులు వచ్చిన ఆ టి అలాగే ఉంటుంది. నకలు కూడా దానినుంచి వస్తూనే ఉంటుంది. దాని పక్కన గామా నకలు కూడా వస్తుంది, అది పుల్లలు కట్టనివ్వదు. మార్చింది మజ్జలో మాత్రమే. పిల్లలకి పోయే కణాల్లో ఏ మార్పూ ఉండదు. కాబట్టి నయమైన మనిషి పిల్లలకి కూడా ఆ అక్షరం వెళ్తుంది, వాళ్ళకి కూడా చుక్క రక్తం తీసి చూడాల్సిందే.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని